కొండ మీద ఒక రాత్రి

ప్రశ్న: అన్నా, మాది పలాస దగ్గర. సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం మహేంద్రగిరి ఎక్కి ఒక రాత్రి టెంట్‌లో పడుకుందామని ప్లాను. దారిలో చెరువు నీళ్లు తాగొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ కొండ ఒడిశా గజపతి జిల్లాలోది, 1,501 మీటర్లు, ముందు అక్కడి ఫారెస్టు వాళ్లని అడిగి బయల్దేరండి. నీళ్లు ఎంత తేటగా కనిపించినా పశువులు దిగినవే అనుకుని, గుడ్డతో వడగట్టి, బాగా తెర్లాక ఇంకో నిమిషం మరగనిచ్చి తాగండి. టెంట్ మాత్రం గట్టు పక్కన వద్దు, దోమలు, పైగా ఏజెన్సీ మలేరియా సంగతి తెలిసిందేగా. గడ్డి మీద ఒట్టిగా పడుకుంటే కంటికి కనపడనంత పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావొచ్చు, టార్పాలిన్ పరుచుకోండి. చలికి స్వెట్టర్ తప్పదు. స్పీకర్ బాక్సు ఇంట్లో వదిలేయండి బాబూ! తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే కొండకెళ్లామని డాక్టరుకి చెప్పండి.