కొబ్బరితోటలో 20 మేకలకి ఏ కంచె వేయాలి? స్తంభాలు ఏవి మంచివి?

కోనసీమలో అర ఎకరం కొబ్బరితోట ఉంది, 20 మేకలు పెట్టాలి, చుట్టూ ముళ్లతీగ వేయాలా చైన్‌లింక్ (అల్లిన ఇనుప తీగ వల) వేయాలా, స్తంభాలు సరుగుడువి పాతాలా సిమెంటువా అని అడిగారు. అన్నిటికీ చెప్తాను గానీ, అసలు అర ఎకరం మొత్తం ఎందుకు చుడుతున్నారండీ?

మన డెల్టాలో భూమి నలుచదరంగా దొరకడం అరుదు. బోదె వెంబడి సన్నగా, బారుగా ఉంటుంది. 50 అడుగుల వెడల్పు, 436 అడుగుల పొడవు ఉన్న అర ఎకరానికి 972 అడుగుల కంచె కావాలి. నలుచదరంగా ఉన్న పూర్తి ఎకరానికి 835 అడుగులు సరిపోతుంది. ఆ 972కి లెక్క వేసేసరికి గుండె గుభేలుమంటుంది, అక్కణ్ణుంచి కోతలు మొదలు. స్తంభాలు 8 అడుగులకి బదులు 15 అడుగులకొకటి, లోతు అడుగున్నర, తీగ మందం 10 గేజీకి బదులు సన్నటి 14 గేజీ, మూలలకి ఊతలు అసలే ఉండవు. అంత పొడుగు కట్టి మేకని ఆపలేకపోవడం కన్నా 10 సెంట్లు గట్టిగా కట్టుకోవడం నయం. 10 సెంట్లంటే 66కి 66 అడుగులు, చుట్టుకొలత 264. ఎదిగిన మేకకి పాకలో 10–12 చదరపు అడుగులు, బయట దొడ్డిలో దానికి రెట్టింపు చాలు కాబట్టి 20 మేకలు, వాటి పిల్లలు అందులో హాయిగా తిరుగుతాయి. మేత కోసుకొచ్చి వెయ్యండి, లేదా రోజూ కాసేపు మనిషిని వెంటబెట్టి తోటలో తిప్పండి. యూట్యూబులో పచ్చటి తోటలోకి మేకల్ని వదిలేసి వీడియోలు తీసేవాళ్లు, ఆ తోటలో వేసిన కొబ్బరి మొక్కలు, అరటి పిలకలు నెల తర్వాత ఏమయ్యాయో మాత్రం చూపించరు.

ముళ్లతీగ గేదెని, ఆవుని ఆపుతుంది. మేక రెండు వరసల మధ్య మూతి పెట్టి, భుజం ఆనించి, పై తీగని మెల్లిగా ఎత్తుకుంటూ దూరిపోతుంది. పాలిచ్చే మేక అలా దూరితే పొదుగు చీరుకుంటుంది. ఇప్పటికే కొనేసి ఉంటే వలకి పైన ఒక్క వరస లాగండి, దొంగలకి అడ్డంగా పనికొస్తుంది.

6 అంగుళాల గడి ఉన్న వెల్డ్‌మెష్ (తీగల్ని అడ్డంగా నిలువుగా అతికించిన వల) చవగ్గా వస్తుందని తెచ్చేవాళ్లు చాలామంది. కొమ్ములున్న మేకకి అది ఉరి. అవతల గట్టు మీద గరిక కనిపిస్తే తల పెడుతుంది. కొమ్ములు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి లోపలికి జారినంత తేలిగ్గా వెనక్కి రావు. గడ్డి మేసినంతసేపూ బాగానే ఉంటుంది. వెనక్కి లాగగానే రెండు కొమ్ముల కొనలూ పై తీగకి తగులుకుంటాయి. కాళ్లు నేలకి తన్నిపెట్టి లాగుతుంది, అరుస్తుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. అదే అదనని ఇంకో మేక వెనక నుంచి కుమ్ముతుంది. రాత్రిపూటైతే అవతలి వైపు నుంచి కుక్కలు మూతి పట్టుకుంటాయి. విడిపించేటప్పుడు కంగారుపడి వెనక్కి లాగకండి. ముందు తలని ఇంకాస్త అవతలికి తోసి, గడ్డం పైకెత్తి కొమ్ములు మెడకి ఆనేలా చేసి, తల పక్కకి తిప్పి ఒక కొమ్ము కొనని గడిలోంచి తీయండి, తర్వాత రెండోది. అదే పనిగా ఇరుక్కునే మేకకి అడుగున్నర పీవీసీ పైపు ముక్క కొమ్ములకి అడ్డంగా పెట్టి టేపుతో చుట్టేస్తే, అలవాటు పోయేదాకా తల గడిలో పట్టదు. 4 అంగుళాల గడిలో పెద్దమేక తల దూరదు గానీ పిల్లలు దూరిపోతాయి. అందుకే 2 అంగుళాల గడి, 10 గేజీ, 5 అడుగుల ఎత్తు చైన్‌లింక్ అంటాను.

గేజీ దగ్గరే మోసం జరుగుతుంది. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 10 అంటే 3.25 మి.మీ., 12 అంటే 2.64, 14 అంటే 2.03. ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత ఉన్న వలలో పూతతో కలిపి కొలిచి 10 అని చెప్తారు, చివర గీకి చూస్తే లోపల ఇనుము 12 కూడా ఉండదు. తీగ మందం కొలిచే పరికరం జేబులో పెట్టుకుని వెళ్లండి. కిలోల్లో కొంటే చుట్ట బరువు, పొడవు రెండూ బిల్లు మీద రాయించుకోండి.

వలని స్తంభాలకి లోపలి వైపు, అంటే మేకలుండే వైపు కట్టాలి. మేకకి ముందుకాళ్లు కంచెకి ఆనించి నిలబడే గుణం ఉంది. వల లోపలి వైపుంటే ఆ బరువు స్తంభాల మీద పడుతుంది, బయటి వైపు కడితే కట్టుతీగల మీద పడి ఒక్కొక్కటే తెగుతాయి. పైన, మధ్యలో, కింద మూడు వరసలు 10 గేజీ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ లాగి, అడుగుకో కట్టు వేయండి. కట్టడానికి స్లాబు పనిలో వాడే నల్ల బైండింగ్ వైరు వద్దు, ఉప్పుగాలికి పొడైపోతుంది. 14 గేజీ జీఐ తీసుకోండి.

ఇక స్తంభాలు. కంచె పడిపోవడం ఎప్పుడూ మూల నుంచే మొదలవుతుంది, మేస్త్రీలు పని ఎగ్గొట్టేదీ అక్కడే. మీ 66 అడుగుల పక్కకి 8 ఖాళీలు, ఒక్కోటి 8 అడుగుల 3 అంగుళాలు. గేటుతో కలిపి మొత్తం 33 సిమెంటు స్తంభాలు: మూలవి 4, గేటువి 2, మామూలువి 27. మామూలువి 4 అంగుళాల మందం, 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. మూలవి, గేటువి 5 అంగుళాల మందం, 3 అడుగుల లోతు, గుంత 15 అంగుళాల చదరం, 1:3:6 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు, కంకర ఆరు). ఒక్కో గుంతకి సుమారు అర బస్తా సిమెంటు పడుతుంది, అంటే ఆరింటికీ కలిపి 3 బస్తాలు. అంతే. ఈ 3 బస్తాల దగ్గర బేరాలాడి 27 స్తంభాలు వంగిపోయేలా చేసుకుంటారు.

ప్రతి మూలకీ రెండు ఊతలు, వల వెళ్లే రెండు దిక్కుల్లో ఒక్కోటి. మూలస్తంభానికి మూడొంతుల ఎత్తులో ఆనాలి. ఊత కాలు కింద కాంక్రీటు దిమ్మ లేకపోతే నల్లమట్టిలో దిగబడిపోతుంది, అది దిగితే మూల వాలుతుంది. ఊతలు కంచె వరసలోనే ఉండి వల వాటికి లోపలి వైపు రావాలి. దొడ్డి లోపలికి ఏటవాలుగా పెట్టారా, మేకకి మెట్లు కట్టించినట్టే. తొట్టి, ఊకబస్తాలు, కొబ్బరి దుంగలు కూడా కంచెకి 4–5 అడుగుల దూరంలో ఉంచాలి. కాంక్రీటు వేశాక వారం తడిపి, ఆ తర్వాతే వల బిగించండి.

నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. తవ్విన మట్టినే తిరిగి కూరితే మే నెలలో స్తంభం చుట్టూ వేలు పట్టేంత సందు వస్తుంది, తొలకరికి అందులో నీళ్లు నిండి మట్టి గుజ్జవుతుంది, ఈదురుగాలికి స్తంభం ఊగుతుంది. మామూలు స్తంభాల గుంతల్లో ఇటుక ముక్కలు, గ్రావెల్, ఇసుక కలిపి అర అడుగు చొప్పున వేస్తూ దిమ్మిసాతో దట్టించండి. లంకభూమిలో ఇసుక ఎక్కువ, అక్కడ మామూలు స్తంభాలూ 3 అడుగులు దిగాల్సిందే. వానాకాలంలో రెండడుగులు తవ్వగానే నీళ్లు ఊరుతాయి, ఎండలు ముదిరితే నేల బిగుస్తుంది, కాబట్టి మార్చిలో పని పెట్టుకోండి.

సరుగుడు బాదులు చవకే గానీ సరిగ్గా నేల మట్టం దగ్గర కుళ్లుతాయి. పైన చూస్తే గట్టిగానే ఉంటాయి, మేక ఆనుకోగానే విరుగుతాయి. ఏడాది రెండేళ్ల పనికైతే సరే. తాటి చేవ నయం. కొబ్బరి మొద్దు మాత్రం పాతకండి, లోపలి బెండు నీళ్లు తాగి పుచ్చిపోతుంది. సముద్రపు ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు, లేదా రొయ్యల చెరువు పక్కన అయితే సిమెంటు స్తంభాల్లోనూ జాగ్రత్త: లోపలి చువ్వ ఉప్పుకి తుప్పు పట్టి ఉబ్బి సిమెంటుని పగలగొడుతుంది. అక్కడ రాతి స్తంభాలే మేలు, లారీ కిరాయి భరించగలిగితే.

ఖర్చు తగ్గుతుందని బతికున్న కొబ్బరిచెట్లకే మేకులు కొట్టి వల కట్టకండి. కొబ్బరి మానుకి గాయం పూడదు, అక్కణ్ణుంచి ఎర్రముక్కు పురుగు దూరే ప్రమాదం ఉంది. పైగా తుఫాను గాలికి చెట్టు ఊగితే వల చిరుగుతుంది. గ్లైరిసీడియా, అవిసె మేతకి బంగారం, కానీ కంచెగా పనికిరావు, మేకలు బెరడు వలిచేస్తాయి. వలకి బయట మూడడుగుల అవతల నాటండి.

వరద నీళ్లు పారే లంకల్లో అయితే వలకి గుర్రపుడెక్క, చెత్త అడ్డుపడి గోడలా నిలుస్తుంది, ప్రవాహం మొత్తం కంచెని పడదోస్తుంది. అక్కడ ఏటివైపు వలని కొక్కేలతో తగిలించి, గోదావరి పెరుగుతోందని తెలియగానే ఊడదీసేలా పెట్టుకోండి.

కుక్కలు కింద నుంచి తవ్వకుండా వల కింది అంచుని ఆనుకుని బయటి వైపు అడుగున్నర వెడల్పు వల నేల మీద పరిచి మేకులు దించండి, గడ్డి మొలిచి అదే పట్టేస్తుంది. ఇంటి కరెంటు తీగ కంచెకి తగిలించే ఆలోచన మాత్రం చేయకండి. మనుషులు చస్తారు, మీరు జైలుకి పోతారు.

గేటు 4 అడుగుల వెడల్పు, లోపలికి తెరుచుకునేలా పెట్టండి. మేకలు తోసుకుంటే మూసుకుంటుంది గానీ తెరుచుకోదు. కింద 3 అంగుళాలకి మించి సందు ఉండకూడదు. అడ్డగడియని మేక పెదాలతో ఆడిస్తూ లాగేస్తుంది, కాబట్టి గడియ బయటి వైపు పెట్టి, దానికి గొలుసు, కొక్కెం కూడా బిగించండి.