డబ్బా నిండా ఫ్యాన్లున్నా గాలి ఆడటం లేదెందుకు?

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డెస్క్‌టాప్ కంప్యూటర్ వేడెక్కడం గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాము.

ప్రశ్న: నా క్యాబినెట్‌కు ముందు మూడు, పైన రెండు, వెనుక ఒకటి, మొత్తం ఆరు ఫ్యాన్లున్నాయి. ముందు భాగమంతా గాజు పలక. అయినా ఆట మొదలుపెట్టిన అరగంటలో ప్రాసెసర్ 92 డిగ్రీలకు, గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలకు చేరుతున్నాయి. ఇంకో రెండు ఫ్యాన్లు బిగించమని కొందరు, లిక్విడ్ కూలర్ (ద్రవాన్ని తిప్పి ప్రాసెసర్‌ను చల్లబరిచే పరికరం) కొనమని కొందరు చెబుతున్నారు. ఏది మంచిది?

జవాబు: ఏదైనా కొనేముందు ఖర్చు లేని ఒక పరీక్ష చేయండి. గది ఉష్ణోగ్రత ఎంతో చూసి రాసుకోండి. మీరు మామూలుగా ఆడే ఆటనే అరగంట నడిపి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతలను హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రాములో చూసి నమోదు చేయండి. తరువాత క్యాబినెట్ పక్క పలకను తీసివేసి, ఫ్యాన్ల అమరికలో ఏ మార్పూ చేయకుండా, అదే ఆటను మళ్ళీ అంతసేపే నడపండి. అంకెలు రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గకపోతే క్యాబినెట్‌లో గాలి బాగానే ఆడుతోందనీ, లోపం ప్రాసెసర్‌మీది కూలర్ బిగింపులోనో, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌లోనో (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి సులభంగా దాటడానికి పూసే ముద్ద), హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు భాగం) రేకుల మధ్య పేరుకున్న దుమ్ములోనో ఉందనీ అర్థం. పది డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గితే మాత్రం కూలర్‌ను తప్పు పట్టనవసరం లేదు. దానికి అందుతున్న గాలే వేడిగా ఉంది. మీ ఉత్తరంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి వేడెక్కుతున్నాయని రాశారు కనుక, ఈ రెండో కారణమే అయివుంటుందని నా అంచనా.

కూలర్ వేడిని మాయం చేయదు, ప్రాసెసర్ నుంచి తీసి చుట్టూ ఉన్న గాలికి అప్పగిస్తుంది, అంతే. ఆ గాలి గదిలోకన్నా పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, లోపలున్న ప్రతి భాగమూ దాదాపు అంతే ఎక్కువ వేడెక్కుతుంది. అందువల్ల తెరమీద కనిపించే అంకెను ఒంటరిగా చూడకుండా, అది గది ఉష్ణోగ్రతకన్నా ఎంత ఎక్కువో చూడాలి. 32 డిగ్రీల గదిలో చూపే 80కీ, 22 డిగ్రీల గదిలో చూపే 70కీ తేడా లేదు.

ఎంత గాలి కావాలో లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,200 జౌళ్ళ శక్తి పడుతుంది. మీ కంప్యూటర్ ఆట సమయంలో 400 వాట్ల వేడిని వెలువరిస్తోందనుకుంటే, క్యాబినెట్ నుంచి బయటికి పోయే గాలి గది గాలికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండటానికి సెకనుకు 33 లీటర్ల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. ఫ్యాన్ల పెట్టెలమీద అచ్చువేసే కొలతలో చెప్పాలంటే ఇది నిమిషానికి సుమారు 70 ఘనపు అడుగులు. 120 మిల్లీమీటర్ల సాధారణ ఫ్యాన్ ఒక్కటే ఇంచుమించు అంత గాలిని తోస్తుందని పెట్టెమీద రాసి ఉంటుంది కదా, మరి మూడు ఫ్యాన్లు ఎందుకు చాలడం లేదు? ఆ అంకెను ఏ అడ్డూ లేనప్పుడు కొలుస్తారు. ఫ్యాన్ ముందు డస్ట్ ఫిల్టర్, దాని ముందు గాజు పలక, ఆ పలక అంచున వేలు పట్టనంత సందు మాత్రమే ఉన్నప్పుడు అందులో చాలా భాగం మిగలదు. ఫ్యాన్లను ముక్కు మూసి పరుగెత్తించినట్టవుతుంది. అంతేకాదు, ఫ్యాన్‌కూ గాజుకూ మధ్య ఒత్తిడి తగ్గడం వల్ల, ఫ్యాన్ల చుట్టూ ఉన్న ఖాళీల గుండా క్యాబినెట్‌లోని వేడి గాలే వెనక్కి వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. ఇటువంటి చోట ఇంకో రెండు ఫ్యాన్లు బిగిస్తే చప్పుడు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి పక్క పలకను మూసివేసి, ముందు గాజును మాత్రం ఊడదీసి పరీక్షను మరోసారి చేయండి. ఉష్ణోగ్రతలు ఈసారి కూడా బాగా తగ్గితే దోషం గాజుదేనని తేలినట్టే. కొన్ని క్యాబినెట్లకు మెష్‌తో (సన్న చిల్లుల జాలీతో) చేసిన ముందు పలక విడిగా దొరుకుతుంది. దొరకకపోతే, గాజును ఫ్యాన్లకు ఒకటి రెండు అంగుళాల దూరం జరిపి బిగించే వీలుందేమో చూడండి. అదీ కుదరకపోతే, లిక్విడ్ కూలర్‌కు పెట్టదలచిన డబ్బుతో ముందు మెష్ ఉన్న క్యాబినెట్ కొనమనే నా సలహా. లిక్విడ్ కూలర్ ప్రాసెసర్ ఒక్కదానికే ఉపయోగపడుతుంది. గాలి దారి బాగుపడితే గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, ఎస్ఎస్‌డీ అన్నీ చల్లబడతాయి.

పైనున్న రెండు ఫ్యాన్ల సంగతి కూడా చూడాలి. అవి రెండూ గాలిని బయటికి లాగుతున్నట్లయితే, ముందు పలకకు దగ్గరగా ఉన్నది ఇంకా ప్రాసెసర్ కూలర్ దాకా చేరని చల్లని గాలిని దారిలోనే లాగి పైకి పంపేస్తుంది. దాని వైరు ఒకసారి పీకి చూడండి. ఫ్యాన్ ఆపితే ప్రాసెసర్ చల్లబడటం వింతగా తోచవచ్చుగానీ, ఇలాంటి అమరికలో అది తరచుగా జరిగేదే. ముందున్న మూడింటిలో కింది ఫ్యాన్‌ను మాత్రం కదపవద్దు. ఆట సమయంలో వెలువడే వేడిలో పెద్ద భాగం గ్రాఫిక్స్ కార్డుదే. దానికి ఎదురుగా చల్లని గాలి అందించేది ఆ ఫ్యానే. దాని ముందు వాడని హార్డ్‌డిస్కు చట్రం ఉంటే ఊడదీయండి. కేబుళ్ళ కట్ట అడ్డుగా ఉంటే మదర్‌బోర్డు వెనక్కి సర్దండి. కేబుళ్ళను ఎంత పొందికగా కట్టినా ఉష్ణోగ్రతలో తేడా కొద్దిగానే ఉంటుంది, అది ప్రధానంగా కంటికి ఇంపు.

ప్రశ్న: ఫ్యాన్ ఏ వైపు గాలి పీల్చి ఏ వైపు వదులుతుందో గుర్తుపట్టడం ఎలా? లోపలికి ఊదేవి ఎక్కువ ఉండాలా, బయటికి లాగేవి ఎక్కువ ఉండాలా?

జవాబు: ఫ్యాన్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఒక వైపు రెక్కలు నేరుగా కనిపిస్తాయి, రెండో వైపు మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ కమ్ములు అడ్డంగా ఉంటాయి. మామూలు ఫ్యాన్లలో గాలి కమ్ములున్న వైపుకు వెలువడుతుంది. అయితే గాజులోంచి అందంగా కనిపించడానికి రెక్కలను తిరగేసి తయారుచేసిన ఫ్యాన్లు కూడా వస్తున్నాయి. వాటిలో గాలి దిశ దీనికి విరుద్ధంగా ఉంటుంది. చట్రం అంచున బాణం గుర్తులుంటే వాటిని అనుసరించండి. లేకుంటే, తిరుగుతున్న ఫ్యాన్ దగ్గర సన్నని కాగితపు పట్టీని పట్టుకోండి: కాగితం జాలీకి అతుక్కుంటే అది పీల్చే వైపు, ఎదురుగా ఎగిరితే వదిలే వైపు.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికన్నా కొంచెం ఎక్కువగా ఉండటం మంచిది. అప్పుడు గాలి ఫిల్టర్లున్న దారిలోనే లోపలికి వస్తుంది, సందులన్నిటిలోంచీ బయటికి పోతుంది. దీనివల్ల ఉష్ణోగ్రత చెప్పుకోదగినంత తగ్గదుగానీ దుమ్ము బాగా తగ్గుతుంది. ఫ్యాన్లను లెక్కపెట్టి మాత్రం నిర్ణయానికి రావద్దు. ఫిల్టర్ వెనుక ఉన్న మూడు ఫ్యాన్లు లోపలికి తెచ్చే గాలికన్నా, ఏ అడ్డూ లేని రెండు ఫ్యాన్లు బయటికి తోసే గాలి ఎక్కువ కావచ్చు. కంప్యూటర్ వెనుక, గ్రాఫిక్స్ కార్డు కింద ఉండే ఖాళీ స్లాట్ల చిల్లుల దగ్గర అదే కాగితపు పట్టీని ఉంచండి. అది లోపలికి లాగబడుతుంటే, బయటికి లాగే ఫ్యాన్ల వేగాన్ని కొంత తగ్గించండి.

ప్రశ్న: వేడి గాలి పైకి పోతుంది కదా, అందువల్ల పైన ఫ్యాన్లు తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి కాదు. వేడి గాలి తనంతట తాను పైకి లేచే వేగం చాలా స్వల్పం. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ కూడా దాన్ని తేలికగా ఏ వైపుకైనా మళ్ళిస్తుంది. ముందు రెండు, వెనుక ఒకటి ఉన్న అమరిక చాలా కంప్యూటర్లకు సరిపోతుంది.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచినా చాలు, ఫ్యాన్లు ఒక్కసారి హోరుమని లేచి మళ్ళీ తగ్గుతాయి. రోజంతా ఇదే గోల. ఫ్యాన్లు మార్చాలా?

జవాబు: ఫ్యాన్లు మార్చనవసరం లేదు, వాటికి ఇచ్చిన ఆదేశాలు మార్చాలి. మదర్‌బోర్డు సాధారణంగా క్యాబినెట్ ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయిస్తుంది. ఏదైనా ప్రోగ్రాము తెరిచిన క్షణంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత పదిహేను ఇరవై డిగ్రీలు ఎగసి, రెండు మూడు సెకన్లలో మళ్ళీ దిగిపోవడం సహజం. క్యాబినెట్‌లోని గాలి అంత త్వరగా వేడెక్కదు కనుక, ఆ ఎగుడుదిగుడులను ఫ్యాన్లు వెంబడించడం వృథా ప్రయాస. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల, మదర్‌బోర్డు సొంత అమరికల తెరలో) ఫ్యాన్ల విభాగానికి వెళ్ళి, వేగం పెరగడానికీ తగ్గడానికీ కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. 60 డిగ్రీల దాకా వేగం మారకుండా తక్కువ స్థాయిలో నిలిపి, ఆపైన వాలుగా పెరిగేలా అక్కడి గ్రాఫులో గీత గీయండి. నాలుగు పిన్నుల ఫ్యాన్లకు పీడబ్ల్యూఎమ్ పద్ధతిని (నాలుగో పిన్ను సంకేతంతో వేగం మార్చేది), మూడు పిన్నుల ఫ్యాన్లకు డీసీ పద్ధతిని (వోల్టేజీతో వేగం మార్చేది) ఎంచుకోవడం మరవవద్దు. మూడు పిన్నుల ఫ్యాన్ పీడబ్ల్యూఎమ్ అమరికలో ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. మీరు ప్రధానంగా ఆటలు ఆడేవారైతే, ఫ్యాన్‌కంట్రోల్ వంటి ప్రోగ్రాముతో ముందు ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టడం ఇంకా మంచి పద్ధతి.

చప్పుడు గురించి ఒక మాట. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా సుమారు సగమవుతుంది, చప్పుడు మాత్రం ఇంచుమించు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అటువంటిదే రెండో ఫ్యాన్ చేర్చితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే, గాలికి దారి సరిగా ఉన్న క్యాబినెట్‌లో ఒక ఫ్యాన్ వేగంగా తిరగడంకన్నా రెండు ఫ్యాన్లు నెమ్మదిగా తిరగడం మేలు. స్థలముంటే 120 మిల్లీమీటర్లవాటికి బదులు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టుకోవడమూ ఈ కారణంగానే.

ప్రశ్న: ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో లోపలి దుమ్ము లాగేయవచ్చా?

జవాబు: ఫిల్టర్లను బయటికి తీసి వాటిమీద వాడండి, సర్క్యూట్ల మీద వద్దు. దాని గొట్టం చివర స్థిర విద్యుత్తు పోగయ్యే అవకాశముంది, పైగా చిన్న భాగాలకు తగిలి దెబ్బతీయవచ్చు. కరెంటు వైరు పూర్తిగా తీసివేసి, క్యాబినెట్‌ను ఆరుబయట పెట్టి, గాలి ఊదే పరికరంతోనో స్ప్రే చేసే గాలి డబ్బాతోనో శుభ్రం చేయడం మంచిది. డబ్బాను నిటారుగానే పట్టుకోవాలి; వంచితే లోపలి ద్రవం బయటికి చిమ్ముతుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. గాలి తాకిడికి అది తన పరిమితికి మించి తిరిగితే బేరింగు పాడవుతుంది.

ప్రాసెసర్ కూలర్ మీదున్న ఫ్యాన్‌ను విప్పి చూడటం చాలామంది చేయని పని. రెక్కలమీద దుమ్ము పైపైనే కనిపించినా, ఫ్యాన్ తీశాక హీట్‌సింక్ రేకుల అంచున కంబళి ముక్కలా దట్టమైన పొర అడ్డంగా పరుచుకుని ఉంటుంది. గాలి వచ్చే వైపునుంచి ఊదితే అది ఇంకా లోపలికి కూరుకుపోతుంది కనుక, ఎదురు వైపునుంచి ఊదాలి. పవర్ సప్లైను (భాగాలకు కరెంటు అందించే పెట్టెను) మాత్రం విప్పవద్దు. వైరు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉండవచ్చు. కూలర్‌ను మదర్‌బోర్డునుంచి పూర్తిగా ఊడదీస్తే పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయడం తప్పనిసరి. ఊడదీయనప్పుడు ఏటా పేస్ట్ మార్చాలన్న నియమమేమీ లేదు.

ప్రశ్న: నా ప్రాసెసర్ బరువైన పని చేసేటప్పుడు 95 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కాలిపోతుందా?

జవాబు: కాలిపోదు. 2022లో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్ 7000 శ్రేణిలోని అధిక వాట్ల ప్రాసెసర్లను, పూర్తి భారం పడినప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడ నిలిచేలా తయారుచేశారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. హద్దు చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. తేలికపాటి పనికే హద్దును తాకుతుంటే మాత్రం కూలర్ బిగింపును పరీక్షించాలి. బయోస్‌లో ఎకో మోడ్ వంటి అమరికతో విద్యుత్ పరిమితిని తగ్గిస్తే, పనితీరు కొద్దిగానే తగ్గి వేడి గణనీయంగా తగ్గుతుంది. అన్ని పరిష్కారాలలో ఇది నాకు ఎక్కువగా నచ్చినది, ఎందుకంటే పుట్టని వేడిని బయటికి పంపే పని ఉండదు.

ప్రశ్న: లిక్విడ్ కూలర్ రేడియేటర్‌ను (ద్రవంలోని వేడిని గాలికి వదిలే భాగాన్ని) ముందు బిగించాలా, పైన బిగించాలా?

జవాబు: ముందు బిగిస్తే రేడియేటర్‌కు గది గాలి నేరుగా అందుతుంది కనుక ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం ఆ వేడెక్కిన గాలే అందుతుంది. పైన బిగిస్తే దీనికి విరుద్ధం. ఆటలు ఆడేవారికి పైన ఉండటం నయం. ఎక్కడ బిగించినా రేడియేటర్ పై అంచు ద్రవాన్ని తిప్పే పంపుకన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే ద్రవంలోని గాలి బుడగలు పంపులో చేరి చప్పుడు చేస్తాయి, పంపు ఆయుష్షూ తగ్గుతుంది.

ప్రశ్న: పవర్ సప్లై ఫ్యాన్ పైకి చూడాలా, కిందికి చూడాలా?

జవాబు: క్యాబినెట్ అడుగున చిల్లులూ ఫిల్టరూ ఉండి, కింద గాలి తగిలే ఖాళీ ఉంటే కిందికి. క్యాబినెట్‌ను మెత్తని తివాచీ మీద పెట్టినా, అడుగున చిల్లులు లేకపోయినా పైకి. పవర్ సప్లైమీద మూత వంటి తొడుగు ఉన్న క్యాబినెట్లలో పైకి తిప్పేముందు ఆ తొడుగుకు చిల్లులున్నాయో లేదో చూసుకోండి.