కోడ్ పంపాను, చూసేవాళ్లేరీ?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వాలంటీర్లు నడిపే ఒక ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టులో రెండు బగ్‌లు సరిచేసి కోడ్ పంపాను. రెండు నెలలైనా ఎవరూ చూడలేదు. డెవలపర్లు కావాలని రాసింది వాళ్లే. మళ్లీ మళ్లీ అడిగితే తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకసారి గుర్తు చేయండి, తప్పు లేదు. రోజూ అడగొద్దు. చాలా ఏళ్లుగా, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట, ఇలాంటి ప్రాజెక్టులోనే ఇతరుల కోడ్ రివ్యూ చేస్తున్నాను. మా దగ్గర కోడ్ రాసేవాళ్లు వస్తూనే ఉంటారు. చదివేవాళ్లే లేరు. బగ్ సరిచేయడానికి ఆ ఒక్క భాగం తెలిస్తే చాలు. దాన్ని చేర్చుకునేవాళ్లకు మాత్రం, దానివల్ల ఇంకెక్కడ ఏం చెడుతుందో కూడా తెలియాలి. రాసినవాళ్లు వెళ్లిపోయాక ఆ కోడ్ బాధ్యత చేర్చుకున్నవాళ్లదే. అంత తెలిసినవాళ్లు చాలాచోట్ల ఒకరో ఇద్దరో.

పైపైన చూసి వదిలేస్తే ఏమవుతుందో, ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాం. అవతలి కంప్యూటర్ తాను పంపిన డేటాకు చెప్పిన పొడవు నిజమో కాదో సరిచూడని ఒక చిన్న లోపం రివ్యూ దాటి 2012 మార్చిలో విడుదలైంది. హార్ట్‌బ్లీడ్ పేరుతో అది బయటపడింది 2014 ఏప్రిల్‌లో.

ఒత్తిడి ఇంకా ప్రమాదం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకున్నారు. ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా, ప్యాచ్‌లు (ఇతరులు పంపిన కోడ్ మార్పులు) ఆలస్యమవుతున్నాయని కొన్ని పేర్లతో నిందలు వచ్చాయి. అదే సమయంలో సాయానికి వచ్చిన వ్యక్తి నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే హక్కు పొంది, 2024లో అందులో దొంగదారి (రహస్యంగా చొరబడే మార్గం) పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ అనుమానించి తవ్వబట్టి దొరికింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

మీ రెండు బగ్‌లూ ఒకే ప్యాచ్‌లో ఉంటే విడదీయండి. సరిచేయకముందు ఫెయిలయ్యి, తర్వాత పాసయ్యే టెస్ట్ ఒకటి జోడించండి. చదివేవాళ్లకు సగం పని తగ్గుతుంది. ఈలోగా వరుసలో ఉన్న మరొకరి ప్యాచ్ తీసుకుని, మీ కంప్యూటర్లో నడిపి, ఏం చూశారో రాయండి. ఆమోదించే హక్కు మీకు లేకపోయినా ఆ నాలుగు లైన్లు మాకు ఎంతో విలువైనవి. నేను అందరికంటే ముందు గుర్తుపెట్టుకునేది అలాంటివాళ్ల పేర్లే.

అన్నట్టు, ఆ ప్రాజెక్టులో చివరి కమిట్ (చేర్చిన కోడ్ మార్పు) ఎప్పటిదో చూడండి. ఏడాదిగా కదలిక లేకపోతే మీ శ్రమ మరో ప్రాజెక్టుకు ఇవ్వండి.