ఇద్దరు గైడ్లు, రెండు పద్ధతులు: ముందు ప్రశ్నను పట్టుకోండి

మీ కష్టం అర్థమైంది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లెందుకు అందడం లేదన్నది మీ పరిశోధన. ఎకనామిక్స్ గైడ్ సర్వే చేయమంటున్నారు, సోషియాలజీ కో-గైడ్ ఊళ్లో ఉండి చూడమంటున్నారు. ఏది అసలైన జ్ఞానం అన్న వాదనలోనే ఏడాది పోయింది. టెన్షన్ పడకండి, ఆ వాదన ఇప్పుడు తేల్చక్కర్లేదు.

ఏ అన్వేషణైనా చిక్కుబడిన పరిస్థితితో మొదలవుతుందని అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ అన్నారు (అంబేడ్కర్‌కు కొలంబియాలో గురువు ఈయనే). కాబట్టి ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "మీ వివరణ నిజమైతే పొలం దగ్గర నాకు ఏం కనబడాలి?" జవాబులు ఎక్కడ వేరవుతాయో అక్కడే మీ ఫీల్డ్‌వర్క్.

కర్నూలు జిల్లా గ్రామాలపై పరిశోధకుడు రాబర్ట్ వేడ్ రాసిన పుస్తకం (1988) తప్పక చదవండి. కాలువ చివర, నీటికి కటకటగా ఉన్న ఊళ్లే నీళ్లు పంచడానికి ఉమ్మడిగా మనుషులను పెట్టుకుంటున్నాయని ఆయన గమనించారు. చాలా ఊళ్లను పోల్చకపోతే ఈ తేడా బయటపడదు. కానీ అలా పెట్టుకున్న మనుషుల ఖర్చుకు ఊరి ఉమ్మడి నిధి ఉండేదనీ, కోసిన పొలాల్లో గొర్రెల మేత హక్కు అమ్మిన డబ్బు అందులోకి వచ్చేదనీ ఊళ్లో కూర్చుని వింటేనే తెలుస్తుంది. నాకు ఇది ఎంతో ఇష్టమైన ఉదాహరణ. రాజనీతిశాస్త్రం చదివిన ఎలినార్ ఓస్ట్రమ్‌కు 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది కూడా ఉమ్మడి వనరుల మీద చేసిన పనికే.

మీరు ముందు ఓ పదిహేను రోజులు నీళ్లు వదిలే మనిషి వెంట తిరగండి. సర్వే ప్రశ్నలు ఆ తర్వాతే రాసి, ఇద్దరు గైడ్లకూ ఒకే రోజు చూపించండి.