సిస్టరమ్మను అడగండి: చెంచా విసిరికొట్టిన రాత్రి

(ముప్పై నాలుగేళ్లు హైదరాబాద్ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మ, ఇంట్లో రోగులను చూసుకునేవారి ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తారు.)

ప్రశ్న: సిస్టరమ్మా, నమస్తే. నాకు 46 ఏళ్లు. మౌలాలిలో ఉంటాం. మా అత్తమ్మకు 78. పద్నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. అప్పటి నుంచి అన్నీ నేనే. మా ఆయన పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. ఆడపడుచు కూకట్‌పల్లిలో, మరిది పుణెలో. చూడ్డానికి వచ్చినవాళ్లంతా “నువ్వు దేవతవమ్మా, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు” అంటారు. పోయిన మంగళవారం రాత్రి చారన్నం తినిపిస్తుంటే మూడోసారి ఉమ్మేసింది. నాకేమైందో తెలీదు, చెంచా గోడకేసి కొట్టాను. “తింటే తిను, లేకపోతే చావు” అన్నాను. ఆమె ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు మరిచిపోలేకపోతున్నా. ఇప్పుడెవరైనా దేవత అంటే ఒళ్లు మండుతోంది. నేను చెడ్డదాన్నా?
– ఒక పాఠకురాలు, మౌలాలి

జవాబు: ముందు ఆ ఉమ్మడం సంగతి చూద్దాం తల్లీ. మిగతాది తర్వాత.

మీ అత్తమ్మ మొండికేసి ఉమ్మడం లేదనే నాకనిపిస్తోంది. కుడివైపు పడిపోయిందంటే చేయి, కాలు మాత్రమే కాదు. బుగ్గ, నాలుక, గొంతు కూడా ఆ వైపు మొద్దుబారి ఉండొచ్చు. కుడి బుగ్గలో ముద్ద నిలిచిపోయినా ఆమెకు తెలియదు. అందులోనూ చారన్నం! మనం రోగికి తేలిగ్గా ఉంటుందని పెడతాం కానీ, ఇలాంటివాళ్లకు అదే కష్టం. చారు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకులు నోట్లోనే ఉండిపోతాయి. పొలమారుతుందన్న భయానికే చాలామంది ఉమ్మేస్తారు. పెసరపప్పుతో మెత్తగా ఉడికించిన కిచిడీ, గట్టి పెరుగుతో మెదిపిన అన్నం లాంటివి, నీళ్లు విడిపోకుండా ముద్దగా ఉండేవి పెట్టి చూడండి.

పడుకోబెట్టి తినిపించొద్దు. వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త కిందికి వంచండి. చిన్న చెంచాతో, బాగున్న ఎడమవైపు పెట్టండి. మింగిందని చూశాకే ఇంకో చెంచా. తిన్నాక చూపుడువేలికి తడి గుడ్డ చుట్టి కుడి బుగ్గ లోపల తుడవండి, ఎంత అన్నం దొరుకుతుందో మీకే ఆశ్చర్యమేస్తుంది. తర్వాత అరగంట అలాగే కూర్చోనివ్వండి. తినేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు నీళ్లు నిండినట్టు గురగురమన్నా ఆపేసి డాక్టరుకు చెప్పండి. మాటిమాటికీ జ్వరం వస్తున్నా అంతే, తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమో చూడాలి. మింగడం ఎలా ఉందో స్పీచ్ థెరపిస్టులు పరీక్ష చేస్తారు. వాళ్లు మాట నేర్పడానికే ఉన్నారనుకుంటారు చాలామంది.

ఇప్పుడు మీ మంగళవారం రాత్రి.

1984లో నేను కొత్తగా నైట్ డ్యూటీలో ఉన్నాను. తుంటి విరిగిన ఒక పెద్దావిడ ఐదోసారి బెడ్‌పాన్ అడిగింది. “నీ ఒక్కదాని కోసమేనా నేనున్నది” అని వార్డంతా లేచేలా అరిచాను. మా సీనియర్ ఒక మలయాళీ సిస్టర్. వచ్చి నా చేతిలోని బెడ్‌పాన్ తీసుకుని, “కిందికి పోయి చాయ్ తాగిరా. పదిహేను నిమిషాల కంటే ముందొస్తే ఊరుకోను” అంది. అప్పుడే షట్టర్ ఎత్తుతున్న ఇరానీ హోటల్లో నిలబడి చాయ్ తాగాను, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాను, ఏడ్చాను. తిరిగొచ్చేసరికి ఆవిడకు పక్కగుడ్డలు మార్చి, తల దువ్వుతోంది మా సిస్టర్. నీ తప్పేం లేదని నాతో అనలేదు. క్షమాపణ చెప్పుకోమనీ అనలేదు. తెల్లారి జ్వరం చూసేటప్పుడు నేనే, “అమ్మా, రాత్రి తప్పయింది” అన్నాను. ఆవిడ “టైమెంతయింది బిడ్డా” అంది. అంతే.

మీరూ చెప్పండి. మాట రానంతమాత్రాన అర్థం కాదనుకోవద్దు. ఆ ఎడమచేయి పట్టుకుని “అత్తమ్మా, ఆ రోజు తప్పుగా అన్నాను” అని చెప్పండి. ఆమె ఏ జవాబూ ఇవ్వకపోవచ్చు, ఏడవొచ్చు కూడా. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి కన్నీళ్లు ఊరికే వచ్చేస్తాయి, కంగారుపడొద్దు. కానీ అలాంటి మాట మళ్లీ మళ్లీ వస్తున్నా, చెయ్యి లేస్తుందనిపించినా దాచుకోవద్దు. 14416కు చేస్తే టెలీ మానస్ (మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

నాకు ఆ రాత్రి చాయ్ తాగి రమ్మనే మనిషి ఉంది. ఎనిమిది గంటలయ్యాక ఓవర్ తీసుకునే, అంటే నా డ్యూటీ అందుకునే సిస్టర్ వచ్చేది. మీకు పద్నాలుగు నెలలుగా ఓవర్ తీసుకునేవాళ్లే లేరు. అయినా ఒక్క చెంచాతో పోయింది చూడండి, నేనైతే ఏం చేసేదాన్నో.

దేవత అనే మాట మీకెందుకు మండుతోందో నాకు తెలుసు. దేవతకు నిద్ర అక్కర్లేదు, ఆదివారం అక్కర్లేదు. ఓ కొబ్బరికాయ కొట్టేసి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోవచ్చు. మా నర్సింగ్ స్కూల్లో ఫ్లారెన్స్ నైటింగేల్ పటానికి ఏటా మే 12న దండ వేసేవాళ్లం, చేతిలో దీపం, మొహంలో శాంతం. ఆమె 1854లో టర్కీలోని స్కుటారీ ఆసుపత్రికి ఒక్కతే పోలేదు, వెంట 38 మంది నర్సులను తీసుకెళ్లింది. పటంలో ఆ 38 మంది కనపడరు. మీకు కావాల్సింది వాళ్లే.

కాబట్టి ఆడపడుచుకు ఫోన్ చేసి “అప్పుడప్పుడు వస్తుండు” అనకండి. అది ఎవరూ రాని పిలుపు. రోజు, టైము చెప్పండి: ప్రతి ఆదివారం పది నుంచి రెండు దాకా. మొదటి రెండు వారాలు పక్కనుండి నేర్పండి, మూడో వారం ఇంట్లోంచి బయటికి వెళ్లిపోండి. ఇంట్లోనే పడుకుంటే డైపర్లెక్కడ, మందులెక్కడ అని లేపుతూనే ఉంటారు. మరిది రాలేకపోతే నెలకు నాలుగైదు రోజులు ఆయాను పెట్టుకోవడానికి డబ్బు పంపాలి, అది దానం కాదు, ఆమె ఆయనకూ అమ్మే.

మీ ఆయనకు రాత్రి ఒత్తిగిలించే పని ఇవ్వండి. “అమ్మకు నేనెలా చేస్తాను” అంటారు మగవాళ్లు. బట్టలు మార్చడానికి సిగ్గుపడితే సరే, పక్కకు తిప్పడానికి సిగ్గెందుకు? పాత కాటన్ చీర నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా కింద పరవండి. ఇద్దరూ చెరోవైపు నిలబడి చీర అంచు పట్టి కాస్త ఎత్తి జరిపితే ఒళ్లు రాసుకోదు, మీ నడుమూ నిలుస్తుంది. పడిపోయిన చేయి పట్టి మాత్రం లాగొద్దు, భుజం జారుతుంది. రెండు గంటలకోసారి తిప్పడం పద్ధతి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. ఎక్కడైనా ఎర్రగా కనపడితే వేలితో నొక్కండి. ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. అక్కడ రుద్దొద్దు, ఆ వైపు పడుకోబెట్టొద్దు, డాక్టరుకు చూపించండి.

వికలాంగుల సర్టిఫికెట్ తీసుకున్నారా? లేకపోతే ఎలా తీసుకోవాలో మీసేవలో అడగండి. పెద్దవాళ్ల విషయంలో ఏ సలహా కావాలన్నా 14567కు చేయొచ్చు, ఫ్రీ.

ప్రశ్న: మా అమ్మకు 81 ఏళ్లు, మంచం మీదే ఉంటారు. ఏజెన్సీ ద్వారా ఒక అమ్మాయిని 24 గంటలకు పెట్టుకున్నాం. పని బాగానే చేస్తుంది కానీ పగలు కునుకు తీస్తోంది, రాత్రి ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుంటే అరగంట వదలదు. ఎలా దారిలో పెట్టాలి?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ అమ్మగారు రాత్రి ఎన్నిసార్లు లేపుతారో వారం రోజులు కాగితం మీద రాయించండి. నాలుగుసార్లు లేచిన మనిషి పగలు కునుకు తీయకపోతేనే అనుమానించాలి. మధ్యాహ్నం రెండు గంటలు ఆమెవని చెప్పేసి, ఆ టైములో ఇంట్లోవాళ్లెవరైనా అమ్మ గదిలో కూర్చోండి.

ఫోన్ సంగతి ఆమెనే అడగాల్సింది. ఇలాంటి పనికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వస్తారు. ఎనిమిది అంటే పిల్లలు తిని పడుకునే వేళ. ఆ అరగంట మీరే అమ్మగారికి మందులివ్వండి. వారానికో సెలవు ఇస్తున్నారా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు, ఇవ్వకపోతే ఈ వారం నుంచే ఇవ్వండి. ఇంకోటి, ఆమె ఎక్కడ పడుకుంటోంది? అమ్మగారి మంచం పక్కన నేల మీదైతే ఒక మడతమంచం కొనండి.