మామయ్య ఆపరేషన్‌కు మందుల బిల్లు మేమెందుకు కట్టాలి?

ప్రశ్న: మేడమ్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా మామయ్యకు ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ చేశారు. "ప్యాకేజీ సరిపోదు" అంటూ మందులకు, టెస్టులకు మాచేత డబ్బు కట్టించుకున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: కాదమ్మా, ముమ్మాటికీ కాదు. 2007 ఏప్రిల్‌లో ఈ పథకం తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మీ అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నా లెక్క అదే: ఒక్కో చికిత్సకు ఒక్కో ధర (దాన్నే ప్యాకేజీ అంటారు) ముందే ఖరారు చేసి, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి డిశ్చార్జి దాకా టెస్టులు, మందులు, తిండి, ఆ తర్వాత 10 రోజుల మందులు కూడా అందులోనే కలిపారు. ధర చాలట్లేదని, బిల్లులు ఆలస్యమవుతున్నాయని ఆసుపత్రులు అనడంలో నిజం లేకపోలేదు, కానీ ఆ పంచాయితీ వాళ్లకూ సర్కారుకూ మధ్య తేలాలి, రిపోర్టులు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చిన మీ మీద రుద్దకూడదు. డబ్బు కట్టినందుకు ఇచ్చినది చేతిరాత చీటీ అయినా పారేయకండి. ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రకు చూపించండి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆపరేషన్‌కు లెక్కగట్టి డబ్బిచ్చే పద్ధతిలో, ఊళ్లో ఏళ్ల తరబడి బీపీ చూసి మాత్రలిచ్చే పనికి అంత విలువ దక్కలేదు. మామయ్యను మాత్రలు ఆపనివ్వకండి, నెలనెలా పీహెచ్‌సీలో బీపీ చూపించండి.