పైపు చేదెక్కిందా, ముక్కు మారిందా?

జ్వరాలు తగ్గాక రుచి, వాసన తేడా చేశాయంటూ వచ్చిన ఉత్తరాల్లో పొగాకుతో ముడిపడ్డవి ఈసారి ఒక్కచోట ఇస్తున్నాం.

ప్రశ్న: రిటైరైన లెక్చరర్‌ను. ముప్పై ఏళ్లుగా రాత్రి భోజనమయ్యాక ఒక పైపు తాగుతాను. పొగ లోపలికి పీల్చను. నాలుగు నెలల కింద వైరల్ జ్వరమొచ్చి వాసన పూర్తిగా పోయింది. మెల్లగా తిరిగొస్తోంది అనుకునేలోపు పొగాకు కాలిన రబ్బరు కంపు కొట్టడం మొదలైంది. పొగాకు మార్చి చూశాను, పైపు మార్చి చూశాను. కాఫీ కూడా అట్లనే ఉంది. ఎనుమాముల మార్కెట్ పక్కనుంచి పోతే మిర్చి ఘాటుకు తుమ్ములొస్తున్నాయి గానీ మిర్చి వాసన మాత్రం తెలుస్తలేదు. నాలుక పాడైందా? పైపు రుచి మళ్లీ రావాలంటే ఏం చేయాలి?
– హనుమకొండ

జవాబు: మీ నాలుక బాగానే ఉండి ఉంటుంది. మిర్చి సంగతి రాసి మంచి పని చేశారు, సగం జవాబు అందులోనే ఉంది. నాలుక పట్టేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం పులుసులో ఉండే కమ్మదనం, ఈ ఐదే. మిర్చి ఘాటు, పుదీనా చల్లదనం, పొగ ముక్కులో గుచ్చడం వంటివి ముఖానికి స్పర్శనిచ్చే నరం మోసేవి. మిగిలినదంతా, అంటే పొగాకులో ఎండుగడ్డి వాసన, బెల్లపు వాసన, తోలు వాసన అంటూ మీరు ఇన్నేళ్లు ఆస్వాదించినదంతా, నోటి వెనకనుంచి ముక్కు పైకప్పుకు ఎక్కిన వాసనే. పొగ లోపలికి పీల్చకుండా నోట్లో తిప్పి ముక్కుగుండా కాస్త వదిలేవాళ్లకు పైపు ఆనందం దాదాపు మొత్తం అక్కడే ఉంటుంది. అందుకే ముక్కుకు దెబ్బ తగిలితే సిగరెట్ తాగేవాళ్ల కన్నా పైపువాళ్లే ముందు గోల పెడతారు.

ఇంట్లోనే తేల్చుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని అరచెంచా వాము నమలండి. పది లెక్కపెట్టి ముక్కు వదలండి. వదలగానే వాము వాసన గుప్పుమంటే ముక్కు పనిచేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే లోపం వాసనలో ఉంది. తర్వాత పంచదార, ఉప్పు, నిమ్మరసం, కాకరకాయ ముక్క విడివిడిగా నాలుక మీద పెట్టుకోండి. నాలుగూ తెలిస్తే నాలుకకు ఢోకా లేదు.

ఇక కంపు ఎందుకు? ముక్కు పైభాగంలో వాసన పట్టే కణాలున్నాయి. వాటి మీదుండే గ్రాహకాలు సుమారు 400 రకాలు. జ్వరంలో దెబ్బతిన్న కణాలు మళ్లీ పుట్టేటప్పుడు అన్నీ ఒకేసారి రావు, మెదడుకు వేసుకునే తీగలూ మొదట్లో సరిగ్గా కుదరవు. ఒక వాసనలో ఉండే ఎన్నో పదార్థాల్లో కొన్నే పట్టుబడతాయి. మెదడు ఆ అరకొర సమాచారాన్ని కంపుగా చదువుకుంటుంది. వేపుడు, కాల్చుడు సరుకుల్లో పుట్టే పైరజీన్లు, గంధకం కలిసిన కొన్ని పదార్థాలు అతి తక్కువ మోతాదులోనే ముక్కుకు తగులుతాయి. అందుకే ముందుగా బయటపడేవి అవే. కాఫీ, వేగిన ఉల్లిగడ్డ, వెల్లుల్లి, కోడికూర, చాక్లెట్‌తో ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. పొగాకు కాలినప్పుడూ పైరజీన్లు వస్తాయి. కాఫీ, పైపు రెండూ ఒక్కసారే చెడిపోవడం మీ విషయంలో యాదృచ్ఛికం కాదు. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు ఈ వికారం మొదలవడం సాధారణం. కణాలు తిరిగి మొలుస్తున్నాయనడానికి ఇది గుర్తు కూడా. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. ఫలానా తేదీకి తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

చేయదగ్గది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగు వాసనలు కావాలి. నాలుగు చిన్న గాజుసీసాల్లో దూది పెట్టి, ఒక్కోదాంట్లో మూడు నాలుగు చుక్కల నూనె వేసి మూత బిగించండి. నూనెలు దొరక్కపోతే అప్పుడే గోకిన నిమ్మతొక్క, చితక్కొట్టిన లవంగాలు, గులాబీ అత్తరు సరిపోతాయి. ఒక్కో సీసా ముక్కుకు రెండు వేళ్ల దూరంలో పెట్టి 20 సెకన్లు చిన్న చిన్నగా పీల్చండి. అర నిమిషం ఆగి తర్వాతిది. పీల్చేటప్పుడు ఆ వాసన ఎట్లా ఉండేదో గుర్తు చేసుకోవాలి, టీవీ చూస్తూ చేస్తే లాభం లేదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసం 12 వారాలు. ఆ తర్వాత వేరే నాలుగు వాసనలకు మారండి: ఏలకులు, సోపు, మరువం, అల్లం వంటివి. నూనెలు ఎగిరిపోతాయి కాబట్టి రెండు నెలలకోసారి దూది మార్చాలి.

చాలామంది తప్పేది నీలగిరి దగ్గర. చల్లగా తగిలితే వాసన తెలిసిందనుకుంటారు. ఆ చల్లదనం మీ మిర్చి తుమ్ము లాంటిదే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సీసాల్లో ఏదైనా మరీ కంపు కొడితే దాన్ని పక్కనపెట్టి ఓర్చుకోగలిగిన వాసన ఎంచుకోండి. ఏ నూనెనూ ముక్కులో పోసుకోవద్దు. ముక్కులో కొట్టుకునే జింక్ మందుల జోలికి అసలే పోవద్దు. వాటితో వాసన పోయిన ఫిర్యాదులు రావడంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనే హెచ్చరించింది.

పైపు విషయానికి వస్తే, సాధన సాగినన్నాళ్లు దాన్ని అల్మారాలో పెట్టేయడమే మా సలహా. నీతి కోసం చెప్పడం లేదు. పొగ అనేది వాసన పట్టే శక్తిని తగ్గిస్తుంది, కోలుకోవాల్సిన చోటును రోజూ రేపుతుంది. ఇంకొకటి: రుచి అందని మనిషి దాన్ని వెతుక్కుంటూ గట్టిగా, గబగబా లాగుతాడు. పొగాకు నింపే గిన్నె వేడెక్కుతుంది, ఆవిరితో నాలుక మండి పొక్కుతుంది, అప్పుడు ఇంకా ఘాటైన పొగాకు కొంటాడు. పీల్చకపోయినా పైపు పొగ క్షారగుణం వల్ల నికోటిన్ నోటి పొరగుండానే ఒంట్లోకి పోతుంది. కాబట్టి కమ్మదనం పోయినా కోరిక మిగిలే ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా. మీకిప్పుడు ఇష్టం తెగింది, లాగుడు, అంటే ఆ కోరిక, మాత్రం ఉంది. మానాలని ఎప్పుడైనా అనుకుని ఉంటే ఇంతకన్నా తేలిక సమయం దొరకదు. ఇష్టాన్ని పనిగట్టుకుని మళ్లీ తెచ్చుకోమని మేము చెప్పం. పైపు, చుట్ట తాగేవాళ్లకు పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు పొగ పీల్చకపోయినా ఉంటుంది.

లాగుడు మరీ కష్టపెడితే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడొచ్చు. బబుల్‌గమ్ లాగా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం తప్పవు. ఘాటు తగిలేదాకా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య ఆపి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట చాలు. చాయ్, కాఫీ, నిమ్మరసం తాగిన పావుగంట వరకు వేసుకోకండి, నోరు పుల్లగా ఉంటే మందు పట్టదు. గుండెజబ్బు ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. పొగాకు ప్యాకెట్ల మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు.

తిండి గురించి అడగలేదు గానీ చెప్పాలి. వేడివేడిగా పొగలు కక్కే కూరలకన్నా గోరువెచ్చనివి, చల్లనివి నయం. ఉల్లిగడ్డ, పోపు లేని పచ్చిపులుసు ఇప్పుడు మీకు మంచి నేస్తం: పులుపు, బెల్లం, ఉప్పు, పచ్చిమిర్చి మంట, ఏదీ ముక్కును అడగదు.

ప్రశ్న: మా నాన్న వాడిన బ్రయర్ చెక్క పైపు నేను వాడుతున్న. జలుబు చేసి తగ్గినాక చేదుగా, పుల్లగా వస్తంది. తప్పు నాదా, పైపుదా? ఎట్ల తెలుసుకోవాలె?
– కాజీపేట

జవాబు: వెలిగించకుండా ఖాళీ పైపును పీల్చండి. అప్పుడూ చేదు, పులుపు తగిలితే తప్పు పైపుది. ఇంట్లో పొగ తాగనివాళ్లకు గిన్నె వాసన చూపించి అడగండి, మీ ముక్కును ఇప్పుడు సాక్షిగా నమ్మలేం. పొగాకు డబ్బా కూడా వాళ్లకే చూపించండి. వానాకాలం తేమకు బూజు పడితే తెల్లటి నూగు, ముక్క వాసన ఉంటాయి. అది మీకు తెలియకపోవచ్చు. బూజు పట్టినదాన్ని ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయకండి, పారేయండి.

పాత పైపు చేదెక్కడానికి మూడు చోట్లు చూడాలి. మొదటిది కాడ లోపలి గొట్టం. పైపు పూర్తిగా చల్లారాక, వీలైతే ఒక రాత్రి గడిచాక, నోట్లో పెట్టుకునే కాడను మెలితిప్పుతూ తీయండి. వేడిమీద తీస్తే లోపలి మొన విరుగుతుంది, వదులవుతుంది. పైపు క్లీనర్‌ను, అంటే నూలు చుట్టిన సన్నని తీగను, స్పిరిట్‌లో ముంచి (అక్రిలిక్ అనే ప్లాస్టిక్ కాడకైతే స్పిరిట్ లేకుండా) గొట్టంలో తిప్పండి, తెల్లగా బయటికి వచ్చేదాకా కొత్తవి మారుస్తూ పోవాలి. నాన్నగారి కాలం పైపుకు డజను క్లీనర్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

రెండోది గిన్నెలోని మసి పొర. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు మించకూడదు. మందమైతే వేడికి చెక్కకన్నా ఎక్కువ సాగి గిన్నెను పగలగొడుతుంది. చాకు మొనతో గీకితే అడుగు తూటు పడుతుంది. రీమర్ అనే మసి గీకే పనిముట్టుతో గానీ, వేలికి చుట్టిన గరుకు కాగితంతో గానీ కొద్దికొద్దిగా తగ్గించండి. తర్వాత గిన్నెలో దూది వదులుగా కూరి, డ్రాపర్‌తో స్పిరిట్ నిండుగా తడిసేలా వేసి రాత్రంతా ఉంచండి. బయటి మెరుగు మీద స్పిరిట్ పడితే పాలిష్ పోతుంది. పొద్దున దూది గోధుమరంగుకు మారి ఉంటుంది. మళ్లీ ఒకసారి చేసి, వారం పాటు గాలికి ఆరబెట్టండి. తడి ఆరకముందు వెలిగించవద్దు, స్పిరిట్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. మీర్‌షామ్ అనే మెత్తని ఖనిజంతో చేసిన తెల్లటి పైపుకు ఈ పద్ధతి వాడొద్దు.

మూడోది కాడ. నల్లని ఎబొనైట్ (గట్టి రబ్బరు) కాడ ఎండకు, గాలికి పచ్చగా, గోధుమగా తిరిగితే గంధకం చేదు నాలుకకు తగులుతుంది. తడిపిన 1000 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 2000తో రుద్ది పాలిష్ పెడితే పోతుంది. అక్రిలిక్ కాడ రంగు మారదు గానీ దానికి స్పిరిట్ తగలనిస్తే సన్నటి చీలికలు పడతాయి.

ఇదంతా చేశాక కూడా మీకు చేదే తగిలి, ఖాళీ పైపు వాసన ఇంటివాళ్లకు శుభ్రంగా ఉంటే, పై జవాబు చదివి వాము నమిలి చూసుకోండి.

ప్రశ్న: ఇరవై ఏండ్ల సంది బీడీలు చేస్తున్న. మొన్న జొరమొచ్చినంక వాసన తెలుస్తలేదు. కూర మాడినా తెల్వది, గ్యాస్ లీకైనా తెల్వదేమో అని బుగులైతంది. తంబాకు దుమ్ముకే ఇట్ల అయితదా?
– జగిత్యాల

జవాబు: తల్లీ, మీ భయం న్యాయమైనది. ముందు గ్యాస్ సంగతి. వంట కాగానే స్టవ్ ఒక్కటే ఆపితే చాలదు, సిలిండర్ మీద రెగ్యులేటర్ నాబ్ కూడా ఆపేయండి. కనిపెట్టడానికని ఎల్పీజీలో కలిపే కంపును మీ ముక్కు ఇప్పుడు పట్టదు. గ్యాస్ అలారం కొంటే నేలకు జానెడెత్తులో పెట్టాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. పైన బిగిస్తే ఆలస్యంగా మోగుతుంది. మిగిలిన కూర తిన్నెమీద ఉంచొద్దు, చెడిందా లేదా అన్నది ఇంట్లో వేరేవాళ్లే చూడాలి.

వాసన పోవడానికి జ్వరమే మొదటి కారణం అయ్యుంటుంది. దుమ్ము ముక్కును రోజూ రేపుతుంది కాబట్టి కోలుకోవడం కష్టం చేస్తుంది. చాట ముందు కూర్చున్నప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, వాకిట్లో గాలి తగిలేచోట కూర్చోండి, వంటింట్లో తంబాకు పెట్టొద్దు. పని అయినంక ఉప్పునీళ్లతో ముక్కు కడగండి: ఒక గ్లాసు (పావు లీటరు) నీళ్లు ఒక నిమిషం పొంగేలా మరిగించి చల్లార్చి, అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూన్ లోపు, తినే సోడా చిటికెడు వేయాలి. మరిగించని బోరు నీళ్లు, కుండ నీళ్లు ముక్కులోకి పోనివ్వొద్దు, అరుదుగానైనా మెదడుకు పాకే అమీబా ఉండొచ్చు. పైన చెప్పిన వాసన సాధన మీకూ పనికొస్తుంది, లవంగం, నిమ్మతొక్క మీ ఇంట్లోనే ఉంటాయి.

ఒక ముక్కురంధ్రమే మూసుకుపోయినా, నెత్తురు వచ్చినా, నోట్లో తెల్లమచ్చ గానీ పుండు గానీ మూడు వారాలైనా మానకపోయినా ఇంటి వైద్యం ఆపి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకోవచ్చు.

ప్రశ్న: రక్తవిరేచనాలకు మాత్రలు వేసుకున్నప్పటి నుంచి చుట్ట తాగితే ఇనుము నాకినట్టుంది. జబ్బు తిరగబెట్టిందా?
– మంచిర్యాల

జవాబు: మాత్రల మీద మెట్రోనిడజోల్ అని ఉందేమో చూడండి. ఆ మందుతో నోట్లో లోహపు రుచి సహజం, కోర్సు అయిపోయిన కొద్ది రోజులకు పోతుంది. మధ్యలో ఆపొద్దు, అది వాడినన్నాళ్లు మద్యం ముట్టొద్దు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే దానితోనూ ఇలాగే ఉంటుంది. రెండూ కాకపోతే మాత్రల చీటీ పట్టుకుని రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.